యాభైవేల మంది ప్రయాణికులు, ఒక రేడియేటరు

ఇది మహాగాథ. ఇందులో నిప్పుంది, సముద్రం ఉంది, గోదావరి రెండు పాయల్నీ రెండేసిసార్లు దాటడం ఉంది, యాభైవేల నిండు ప్రాణాలు గాల్లో దీపాల్లా ఊగడం ఉంది. పర్వాలుగా విడగొట్టి, ప్రతి పర్వానికీ ముందొక పద్యం పెట్టి రాయదగ్గ విషయం.

అని మొదలుపెట్టాలనే కూర్చున్నాను. తీరా కలం పట్టుకున్నాక జరిగింది గుర్తొచ్చింది. మా బాబాయీ నేనూ ఒక ఎండాకాలం కారేసుకుని ఉప్పాడ వెళ్ళి రొయ్యపిల్ల తెచ్చుకున్నాం. దారిలో కారు మరిగింది. అంతే. పద్యాలకి అవకాశం లేదు.

ఉప్పాడ చూడనివాళ్ళు మీలో చాలామందే ఉంటారు. చూసినవాళ్ళు చీర కొనుక్కోవడానికి వెళ్ళి ఉంటారు. రొయ్యపిల్ల కోసం, అదీ మరుగుతున్న కారులో వెళ్ళినవాళ్ళు తక్కువ గనక రాస్తున్నాను.

బయల్దేరే ముందు

మా ఊరు భీమవరానికి దిగువన, సముద్రం వైపు. టైగర్ రొయ్య వచ్చిన కొత్తలో మా వైపు వరిచేలన్నీ చెరువులయ్యాయి. తొంభైల మధ్యకి వచ్చేసరికి తెల్లమచ్చ జబ్బొచ్చి చెరువులన్నీ ఉత్త నీళ్ళయ్యాయి. మా బాబాయి రాంబాబుకి ఉన్నది ఎకరం చెరువు. వరసగా రెండు పంటలు తేలిపోయాయి. రొయ్యల విషయంలో తేలిపోవడం అంటే నిజంగానే తేలిపోవడం.

అప్పుడు మా పిన్ని ఒక్కటే మాట చెప్పింది.

"ఇదే ఆఖరు. ఈసారి పిల్ల చచ్చిందా, చెరువు పూడ్పించి వరి ఊడుస్తాను. ఆ తర్వాత రొయ్య అన్న మాట ఈ ఇంట్లో కూర దగ్గర తప్ప వినపడకూడదు."

పిన్ని మాట అన్నదంటే అయిపోయినట్టే. కాబట్టి ఈ ప్రయాణంలో బాబాయి చెరువు పందెంలో ఉంది. నాది ఏమీ లేదు. నేను బి.కాం. పాసై, ఉద్యోగం దొరికేదాకా ఎవరు పిలిస్తే వాళ్ళకి దొరికేవాణ్ణి.

బాబాయికి నీళ్ళ సంగతి తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. చెరువు రంగు చూసి జబ్బు చెబుతాడు. నీళ్ళలో ఉప్పెంతుందో చూసే గొట్టం ఒకటి, కలంలాగా చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఒక చుక్క వేసి, ఎండవైపు పెట్టి, ఒక కన్ను మూసి చూస్తే అంకె కనిపిస్తుంది. పెళ్ళి భోజనాల్లో ఒకసారి సాంబారు మీద కూడా ప్రయోగించబోతే పిన్ని చెయ్యి పట్టుకుంది.

ఇక కారు. దాని పేరు చెప్పను. తయారుచేసినవాళ్ళ తప్పేమీ లేదని చివర్లో మీకే తెలుస్తుంది. ఏడాది క్రితం ఎవరి దగ్గరో కొన్న పాత బండి. ఇంటి ముందు సందు ఇరుకు గనక చెరువుగట్టు మీదే ఉంటుంది. లోపల ఇంజను వేడి చూపించే ముల్లు ఉండాల్సిన చోట ఆంజనేయస్వామి స్టిక్కరు ఉంది. బోసిగా ఉందని బాబాయే అతికించాడు.

మొదటి రోజు: రావులపాలెం

వెనక సీటు పీకేసి, ఖాళీ థర్మోకోల్ పెట్టెలు పది సర్దుకుని పొద్దున్నే బయల్దేరాం. తణుకు దాటి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన ఎక్కేసరికి కారులో ఒక వాసన మొదలైంది. కుక్కరు అడుగంటినప్పటి వాసన.

"బాబాయ్, ఏదో కాలుతున్నట్టుంది."

"ఎండరా."

ఎండకి వాసన ఉండదని అనబోయాను గానీ ఆయన బండి, ఆయన డబ్బు. రావులపాలెంలో అరటిగెలల మార్కెట్ ముందుకొచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఆగాం. మన దేశంలో కారు ఆగడానికీ చుట్టూ పదిమంది చేరడానికీ మధ్య ఒక నిమిషం కూడా పట్టదు.

బాబాయి తువ్వాలు చుట్టి రేడియేటరు మూత తిప్పాడు. తిప్పకూడదని పదిమందిలో నలుగురు ఒకేసారి అరిచారు, కానీ తిప్పాక. మరుగునీళ్ళు నిలువెత్తు లేచాయి. బాబాయి వెనక్కి గెంతడం వల్ల మొహం దక్కింది, తువ్వాలు దక్కలేదు. వెంటనే కొబ్బరిబోండాలాయన దగ్గర బకెట్ లాక్కుని చల్లటి నీళ్ళు బుడబుడా పోసేశాడు. ఇంజను లోపల ఎక్కడో 'టక్'మంది.

"దిష్టండీ," అన్నాడు బోండాలాయన, ఖాళీ బకెట్ వైపు చూస్తూ. "నిమ్మకాయ కట్టండి."

గెలలు ఎత్తుతున్న ఒకాయన మాత్రం చదువుకున్న వైద్యుడిలా దగ్గరికొచ్చాడు. "థర్మోస్టాట్ అని లోపలొకటుంటుందండి. తీసి పారెయ్యండి, మరగదు."

"అది ఎప్పుడో తీసేశారండీ," అన్నాడు బాబాయి.

"ఆయ్, అదేనండి మరి! పెట్టించండి."

బోండాలు నాలుగేసి రూపాయలు. రెండు తాగాం. బకెట్ నీళ్ళకి డబ్బు తీసుకోలేదు. మా ఊళ్ళో అయితే బోండాం ఊరికే ఇచ్చి నీళ్ళకి డబ్బడుగుతారు. దాని సంగతి తర్వాత.

పిఠాపురం

మండపేట దగ్గర తాపేశ్వరంలో ఆగి మడతకాజా తిన్నాం. కొరికితే పాకం మోచేతిదాకా కారింది. ఆ ఒక్క కారడం మాత్రం ఈ ప్రయాణంలో ఎవరినీ కంగారు పెట్టలేదు. అక్కణ్ణుంచి ప్రతి పది పన్నెండు మైళ్ళకీ ఆగుతూ, నీళ్ళు పోస్తూ, సాయంత్రానికి పిఠాపురం చేరాం. లాడ్జిలో గది ఎనభై రూపాయలు. ఫ్యానుకి మూడు వేగాలున్నాయి, మూడూ ఒకటే.

హోటల్లో పెసరట్టు ఉప్మా చెబితే, ముందు చెంబుతో మంచినీళ్ళు పెట్టాడు. బాబాయి తాగేశాడు. మళ్ళీ నింపాడు. అడక్కుండానే.

ఇది మీకు వింతగా అనిపించకపోవచ్చు. మా వైపు బోరు వేస్తే ఉప్పు, బావి తవ్వితే ఉప్పు. ఎండాకాలం కాలువలు కట్టేశాక తాగేనీళ్ళు రెండు మైళ్ళ అవతల ఊరుమ్మడి చెరువునుంచి కావిడితో రావాలి. మా ఇంటికొచ్చి మంచినీళ్ళడిగితే పిన్ని మజ్జిగ ఇస్తుంది. మర్యాద అనుకుంటారు గానీ అది పొదుపు. మంచినీళ్ళ బిందె మీద చెయ్యి వేసే హక్కు పిన్నికి తప్ప ఎవరికీ లేదు, బాబాయితో సహా. ఆ చెంబు వైపు బాబాయి ఎంత గౌరవంగా చూశాడంటే, సర్వరు ఏం తేడా వచ్చిందోనని వచ్చి అడిగాడు.

తర్వాత కుక్కుటేశ్వరుడి దర్శనం. శివుడు కోడి రూపంలో వెలిశాడని చెబుతారు. భీమవరంవాళ్ళకి కోడి అంటే ఉన్న గౌరవం వేరే చెప్పక్కర్లేదు. బాబాయి చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చెరువు గురించే మొక్కుకున్నాడు. కారు గురించి కూడా మొక్కుకోమని నేను గుర్తు చెయ్యలేదు. తర్వాత దానికి చింతించాను.

రెండో రోజు: ఉప్పాడ

సముద్రం రోడ్డు పక్కనే ఉంది. రోడ్డుని అప్పుడప్పుడు తినేస్తుందట కూడా. హేచరీ అంటే రొయ్యగుడ్లు పొదిగించి పిల్లలు చేసే చోటు. రేకుల షెడ్డు, సిమెంటు తొట్లు, వాటిలో బుడగలు. చల్లపూట తెల్లవారకముందే ఇస్తామన్న పిల్ల, మాకంటే పెద్ద రైతుల వ్యాన్లు ముందుండటంతో ఏడింటికి ఇచ్చారు. సంచీకి రెండువేల ఐదువందల చొప్పున ఇరవై సంచీలు. సగం నీళ్ళు, సగం ఆక్సిజను, రబ్బరుబ్యాండు. పెట్టెకి రెండు సంచీలు, మధ్యలో గడ్డకట్టించిన నీళ్ళసీసా.

బాబాయి ఒక సంచీ నీళ్ళు చుక్క తీసి గొట్టంలో చూశాడు. "ఇరవై రెండు. బావుంది. మన చెరువు పదిహేను."

"రెండున్నరకల్లా చెరువులో ఉండాలండి," అన్నాడు హేచరీ టెక్నీషియను. "ఈ ఎండకి ఆ తర్వాత గ్యారంటీ లేదు. ఏ బండండీ మీది?"

బాబాయి చూపించాడు. ఆయన బండినీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "రెండుంబావుకే ఉండేలా చూసుకోండి," అన్నాడు.

మండపేట

కాకినాడ, రామచంద్రపురం దాటాం. మూడుచోట్ల ఆగాం. మండపేటలో రైసుమిల్లుల రోడ్డు మీద, ఊకలారీల మధ్య, కారు ఇక వద్దంది. టైము పదిన్నర. వెనక యాభైవేల మంది, ముందు ఆవిరి.

అదృష్టం, నాలుగడుగుల్లోనే ఒక షెడ్డు. మెకానిక్కు సూరిబాబు, యాభై ఏళ్ళ మనిషి, స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. బాబాయి పరుగున వెళ్ళి, రొయ్యపిల్ల, తెల్లమచ్చ, జేబులో ఉప్పు చూసే గొట్టం, పిన్ని, రెండున్నర, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, మూత మీద చెయ్యి వేయబోయాడు.

"చెయ్యి తియ్యండి," అన్నాడు సూరిబాబు పేపరు మడుస్తూ. "చల్లారనివ్వండి."

"ఎంతసేపండీ?"

"అరగంట."

"అరగంటే! పిల్ల చచ్చిపోద్దండీ బాబూ! చల్లటి నీళ్ళు కొట్టేస్తే..."

"మీరు రొయ్యలు పెంచుతారు కదండీ? పిల్ల తీసుకెళ్ళి ఏం చేస్తారు? సంచీ విప్పి గభాల్న చెరువులో పోసేస్తారా?"

"అమ్మో! ముందు సంచీతో సహా నీళ్ళలో తేలేస్తాం. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి రావాలి. తర్వాత కొంచెం కొంచెం కలపాలి. లేకపోతే దెబ్బకి..."

"ఎంతసేపు తేలేస్తారు?"

బాబాయి గొంతు తగ్గింది. "అరగంట."

"మరి ఇంజను ఏం పాపం చేసిందండి? కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగులుద్ది. కూర్చోండి."

కూర్చున్నాం. నేను పెట్టెలన్నీ షెడ్డు నీడలోకి చేర్చాను. టీ రూపాయిన్నర. అరగంటలో బాబాయి పదకొండుసార్లు వాచీ చూసుకున్నాడు. నేను లెక్కపెట్టాను, వేరే పని లేదు గనక.

చల్లారాక సూరిబాబు లేచాడు. కొత్త డాక్టరు అయితే రోగిని కోస్తాడు, పాత డాక్టరు చెయ్యి పట్టుకుంటాడు. ఇతను రెండో రకం. ఫ్యాను బెల్టు వేలితో నొక్కాడు. బిగువుగా ఉంది. ఆయిలుపుల్ల తీసి చూశాడు. ఆయిల్లో నీళ్ళు కలిసి ఉంటే పాలటీ రంగులో ఉంటుందట. నల్లగానే ఉంది. "ఇంజను హెడ్డు పగల్లేదండి, బతికిపోయారు." ఇంజను స్టార్టు చేయించి, రేడియేటరుకి పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం పట్టుకున్నాడు.

"ఇలా రండి. పైది పట్టుకోండి."

"వేడిగా ఉంది," అన్నాడు బాబాయి.

"కిందది?"

"చల్లగా ఉంది. మంచిదే కదా?"

"మంచిది కాదండి. పైనుంచి వేడినీళ్ళు వచ్చి, రేడియేటర్లో చల్లారి, కిందనుంచి మళ్ళీ ఇంజన్లోకి పోవాలి. కిందికి ఏమీ రావట్లేదు. మధ్యలో పూడిపోయింది."

ఇంజను ఆపించి, గోనెపట్టా వేసి మూత విప్పాడు. మూత చుట్టూ, లోపల అంచు చుట్టూ, ఆవకాయ జాడీ మూతికి పేరుకున్నట్టు తెల్లటి పొర. సూరిబాబు గోటితో గీరాడు. నీళ్ళలో వేలు ముంచి, చల్లార్చి, నాలిక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మేశాడు.

"ఉప్పండీ."

"ఉప్పేంటండీ?" అన్నాడు బాబాయి.

"మీరే చూసుకోండి. జేబులో గొట్టం ఉందిగా."

బాబాయి గొట్టం తీశాడు. ఒక చుక్క వేశాడు. ఎండవైపు తిరిగి ఒక కన్ను మూశాడు. చాలాసేపు తెరవలేదు.

"ఎంత బాబాయ్?"

"ఇరవై రెండు."

"హేచరీదీ అంతే కదా?"

ఆయన గొట్టం తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఇందులోనూ ఒక ఐదువందలు వెయ్యొచ్చు. చెరువులోలాగే గాలికి ఫ్యాను కూడా ఉంది," అన్నాను.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఏడాదిగా బాబాయి పొద్దున్నే రేడియేటరు మూత తీసి, పక్కనున్న చెరువులోంచి మగ్గుతో ముంచి పోస్తున్నాడు. ఇంట్లో బిందె ముట్టుకుంటే పిన్ని ఊరుకోదు. ఎదురుగా ఎకరం నీళ్ళు. నీళ్ళు ఆవిరైపోయేవి, ఉప్పు లోపలే ఉండిపోయేది. జిల్లాలో ఏ చెరువులో ఎంత ఉప్పుందో చెప్పగల మనిషి, తన చేత్తో, రోజూ.

సూరిబాబు నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. "విప్పి, లోపల పుల్లలు పెట్టి పొడిచి, మళ్ళీ అతకాలండి. రేపు సాయంత్రం అవుద్ది. మీకు టైము లేదు. ఇప్పటికి కడుగుతాను." కింది గొట్టంలోంచి ఎదురు నీళ్ళు కొట్టాడు. పైనుంచి తుప్పూ ఉప్పూ కలిసి పప్పుచారు రంగులో వచ్చాయి. అది రంగు మారేదాకా కొట్టాడు. తర్వాత డ్రైవరు సీట్లోకి తొంగిచూసి, "వేడి ముల్లేదండీ?" అన్నాడు.

"స్వామి వెనకాల," అన్నాను.

బ్లేడుతో స్టిక్కరు జాగ్రత్తగా లేపి, దణ్ణం పెట్టుకుని, గ్లవ్‌బాక్సు మూత మీద అతికించాడు. "స్వామిని ఎక్కడినుంచైనా చూడొచ్చండి. ముల్లుని ఇక్కడే చూడాలి. స్పీడు నలభై దాటొద్దు. ముల్లు ఎర్రగీత చేరితే ఆపెయ్యండి. పొయ్యాల్సొస్తే మంచినీళ్ళే, చల్లారాకే, కొంచెం కొంచెం." అరవై రూపాయలు తీసుకున్నాడు.

అత్తిలి దాటాక

గౌతమి దాటాం, వశిష్ఠ దాటాం, తణుకు దాటాం. నలభై మీద వెళ్తుంటే చెరుకు ట్రాక్టర్లు కూడా హారను కొట్టి మమ్మల్ని దాటిపోయాయి. వెంట తెచ్చుకున్న రెండు డబ్బాల నీళ్ళూ తణుకు లోపే తాగేసింది, కారు. అత్తిలి దాటాక ముల్లు ఎర్రగీతని ముట్టుకుంది. టైము ఒంటిగంట పది.

పక్కనే కాలువ ఉంది. కట్టేసిన కాలువ, అందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కారులో మిగిలిన నీళ్ళల్లా పెట్టెల్లోని సీసాల్లో కరుగుతున్న మంచు. బాబాయి ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. బానెట్ వైపు చూశాడు, పెట్టెల వైపు చూశాడు. తిరిగి సంచీల మధ్యే పెట్టేశాడు.

"ఇవి వాటివిరా," అన్నాడు.

కొంచెం దూరంలో తాటాకు పందిరి, దాని కింద తడిగుడ్డ చుట్టిన కుండలు. చలివేంద్రం. అరవై ఏళ్ళావిడ గరిటెతో గ్లాసుల్లో పోసి ఇస్తోంది. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, కారుకి కాసిని నీళ్ళు..."

"మనుషులకండీ ఇవి. కారుకి దాహమేంటి? చోద్యం కాకపోతే! తలకో గ్లాసు, అంతే."

"మేం చాలామందిమండీ," అన్నాను.

"ఎంతమందేంటి?"

"యాభైవేల మంది. ఇద్దరం కాకుండా."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది, వడదెబ్బేమోనని. ముందు నాకో గ్లాసు ఇచ్చింది. తర్వాత నడిచొచ్చి కారులోకి తొంగిచూసింది. బాబాయి ఒక పెట్టె మూత తీశాడు. సంచీలో కనుబొమ వెంట్రుకలంత పిల్లలు, వేలు, తిరుగుతున్నాయి.

"వీటికి నేనేం చేస్తానండీ, ఉప్పునీళ్ళవి కదా?"

"వీటిని మోసే దానికండీ," అన్నాడు బాబాయి. "ఈసారి ఇవి పోతే మా ఆవిడ చెరువు పూడ్పించేస్తుంది."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "మంచి పనే," అంది. "రెండు కుండలు పట్టుకెళ్ళండి. కుండలిచ్చి కదలాలి మరి. ఓయ్! అది కాదు, అది మజ్జిగ! కారుకి తిరగమోత పెడతారేంటి!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టైము పోతోంది. కుండలు చేతికొచ్చాయి. బాబాయి మూత దగ్గరికి వెళ్ళలేదు. వాచీ విప్పి నాకిచ్చేసి పందిరి కింద కూర్చున్నాడు. అరగంటయ్యాక లేచి, మూత విప్పి, ఇంజను స్టార్టు చేయించి, ఒక గ్లాసు పోశాడు. ఆగాడు. ఇంకో గ్లాసు పోశాడు. సంచీలో చెరువునీళ్ళు కలిపేటప్పుడు చేసినట్టే, అదే చేత్తో, అదే నిదానంతో. మజ్జిగ తాగడానికి వచ్చినవాళ్ళు అదేదో పూజ అనుకుని చెప్పులు విప్పారు.

చెరువుగట్టు

మూడు కావడానికి పది నిమిషాలుండగా ఊరు చేరాం. పిన్ని గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉంది. సంచీలు నీళ్ళలో తేలేశాం. మళ్ళీ అరగంట. ఆ రోజంతా మేం ప్రయాణం చేసిన దానికంటే ఏదో ఒకటి చల్లారడానికి కూర్చున్నదే ఎక్కువ.

మొదటి సంచీ విప్పాడు. పిల్ల అంతా అడుగున ఉంది. కదల్లేదు.

ఇక్కడ ఒక పేజీ ఉత్కంఠ రాయొచ్చు. బాబాయి వేలితో సంచీని ఒకసారి తట్టాడు. అన్నీ లేచాయి. నిద్రపోతున్నాయి కాబోలు.

ఇరవైలో రెండు సంచీలు పోయాయి. మిగతా పద్దెనిమిదీ చెరువులో పడ్డాయి. పిన్ని గొడుగు మడిచి, "అయితే వరి విత్తనాలు కొనక్కర్లేదన్నమాట," అంది. తర్వాత, "ఉప్పాడ దాకా వెళ్ళారు, చీరేదీ?" అంది. ఆ ప్రశ్నకి జవాబు దారిలో ఏ మెకానిక్కూ మాకు చెప్పలేదు.

కారెందుకు ఆలస్యమైందో బాబాయి పూస గుచ్చినట్టు చెప్పాడు. ఒక్క పూస వదిలేశాడు. అది నేను చెప్పాను. పిన్ని చెరువు వైపు చూసింది, మగ్గు వైపు చూసింది, బాబాయి జేబులో గొట్టం వైపు చూసింది. మర్నాటినుంచి మా ఇంటికి కావిడినీళ్ళు ఒక బిందె ఎక్కువ రావడం మొదలైంది. దాని మీద పిన్ని సుద్దతో 'కారు' అని రాసింది.

పంట నాలుగో నెలలో పట్టారు. గొప్పగా చెప్పుకునేంత రాలేదు. చెరువు పూడ్చక్కర్లేనంత వచ్చింది.

ఇక ఈ రెండు రోజుల యాత్రలో నేను తెలుసుకున్న సత్యం. కారు రేడియేటర్లో మంచినీళ్ళు పొయ్యాలి. ఇంజను చల్లారాక.